ఇక్కడ నేను క్షేమం

పాత ఉత్తరం ఏది తీసి చూసినా, కాగితం మీద ఏ మాట ఎక్కడ కూర్చోవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. నడుమ పైన ‘ఓం’ గానీ ‘శ్రీరామ’ గానీ. కుడి మూలకు ఊరు, తేదీ. ఎడమ మూలకు ఒంటరిగా ‘క్షేమం’. దాని కింద ‘పూజ్యులైన నాన్నగారి పాదపద్మములకు నమస్కరించి మీ కుమారుడు వ్రాయునది ఏమనగా’ అనే పొడుగాటి వరుస. ఆ వెంటనే మళ్లీ అదే మాట: ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. అసలు సంగతి మొదలయ్యేసరికి క్షేమం మూడుసార్లు వచ్చిపోతుంది. ఇన్‌లాండు లెటరులో ఉండే జాగా ఎంత? అందులో ఇంత చోటు తినే మాట ఏదో ఒక పని చేస్తూ ఉండాలి. ఊరికే ఉండేదైతే జనం ఎప్పుడో దాన్ని దులిపేసి ఆ చోటులో వడ్ల ధర రాసుకునేవారు.

చిత్రమేమంటే ఈ మాట నోటిది కాదు. మా నల్లగొండ జిల్లాలో నిడమనూరు, హాలియా, మిర్యాలగూడ దిక్కు మనిషి మనిషిని కలిస్తే ‘మంచిగున్నరా?’ అంటాడు. ‘పానం ఎట్లున్నది?’ అంటాడు. ప్రాణమే మా దిక్కు పానం. ఒంట్లో బాగాలేకపోతే ‘పానం మంచిగ లేదు’. బస్టాండులో ఎదురైనవాడు ‘క్షేమమా?’ అని అడిగితే వీధి నాటకంలోంచి నారదుడు దిగి వచ్చాడనుకుంటారు. పాత కావ్యాల్లో దీనికి ‘సేమం’ అనే వికృతి ఉంది. నోటికి తేలికైన మాట. అది పోయింది. నోరు తిరగని ‘క్ష’తో మొదలయ్యే ప్రకృతి మాత్రం కాగితం మీద నిలిచిపోయింది. చదువు రాని తల్లి సైతం ఆ ఒక్క మాటను బొమ్మను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేది. ఉత్తరం చదివిపెట్టే పిల్లవాణ్ని ‘ముందు క్షేమమని రాసిండా, అది చూడు’ అనేది.

ఆ రాసినవాడు మిలట్రీలో ఉండి, దెబ్బ తగిలి, ఆసుపత్రి మంచం మీద నుంచి రాశాడనుకుందాం. అప్పుడు ‘ఇక్కడ నేను క్షేమం’ అన్న వాక్యానికి అర్థమేమిటి? సినిమాల్లో ఈ సన్నివేశం మనకు అలవాటే. తలకు కట్టు, చేతిలో కలం, వెనక వేణువు. సిపాయి క్షేమమని రాస్తాడు, తల్లి కోసం అబద్ధమాడాడని మనం కళ్లు తుడుచుకుంటాం. అతను అబద్ధమాడలేదని నా వాదన. క్షేమం అనే మాటను దాని పుట్టుక దాకా వెంబడిస్తే, గాయపడ్డ సిపాయి దాన్ని వాడినంత కచ్చితంగా మరెవరూ వాడలేదేమో అనిపిస్తుంది.

ముందు ‘ఉత్తరం’ సంగతి. సంస్కృతంలో ఉత్తరమంటే జవాబు. ప్రశ్నోత్తరాలు అన్నప్పుడు ఆ అర్థం ఇంకా బతికే ఉంది. లేఖకు ఉత్తరమనే పేరు మనం పెట్టుకున్నాం. ‘జాబు’ కూడా అంతే. అరబ్బీ ‘జవాబ్’ ఉర్దూ మీదుగా వచ్చి నడుము వంచుకుని జాబు అయింది. సంస్కృతం నుంచి తెచ్చుకున్నా ఉర్దూ నుంచి తెచ్చుకున్నా, తెలుగువాడు లేఖకు ‘బదులు’ అనే పేరే ఎంచుకోవడం యాదృచ్ఛికం అనిపించదు. ఎవరో అడిగారు, నేను చెబుతున్నాను అన్నది తెలుగు ఉత్తరం తీరు. ఏమడిగారు? ఎడమ మూలన ఉన్నదే అడిగారు. తోక లేని పిట్ట తొంభై ఆమడలు పోతుందని పొడుపు కథ వేసేవాళ్లు. అంత దూరం ఎగిరి ఆ పిట్ట మోసుకెళ్లేది చాలాసార్లు ఈ ఒక్క బదులునే.

అయితే క్షేమమనే మాట అందరిదీ కాదన్న కాలం ఒకటుంది. ఎదురైనవాణ్ని ఏమని పలకరించాలో మనుస్మృతి రెండో అధ్యాయం కులం చూసి పంచిపెట్టింది. బ్రాహ్మణుణ్ని కుశలమా అని అడగాలట, క్షత్రియుణ్ని అనామయమా అని, వైశ్యుణ్ని క్షేమమా అని, శూద్రుణ్ని ఆరోగ్యమా అని. బాగోగులు అడగడంలోనూ గీతలు గీసిన ఆ బుద్ధిని అట్లా ఉంచి, మాటల తేడా చూడండి. అనామయమంటే రోగం, నొప్పి లేకపోవడం. యుద్ధం చేసేవాణ్ని అడగవలసింది ఒళ్లు సురక్షితమా అని. సరుకూ సంపదా ఉన్నవాణ్ని అడగవలసింది ఉన్నది భద్రంగా ఉందా అని. అంటే క్షేమానికీ ఒంటికీ నేరుగా లంకె లేదు. తెలుగు ఉత్తరాలు ఈ పంపకాన్ని లెక్కచేయలేదు. రైతు, కోమటి, కంసాలి, సిపాయి, అందరూ వైశ్యుడి మాటనే తీసుకున్నారు. సిపాయికి శాస్త్రం కేటాయించిన అనామయం నిఘంటువులోనే ఉండిపోయింది. గాయపడ్డవాడు ‘అనామయం’ అని రాస్తే అది అబద్ధం. అతను ఆ మాట రాయలేదు.

క్షేమానికి మూలం ‘క్షి’ అనే ధాతువు. నిలవడం, నివసించడం దాని అర్థం. క్షితి అంటే భూమి, మనం నిలిచే చోటు. క్షేత్రం అంటే పొలం, కురుక్షేత్రమూ క్షేత్రమే. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు వేసే మడికీ పద్దెనిమిది అక్షౌహిణులు కూలిన మైదానానికీ ఒకే పేరు అమరడం ఈ ధాతువు చలవ. దీనికి అచ్చంగా ఇట్లాగే పలికే కవల ధాతువు ఇంకొకటి ఉంది, దాని అర్థం నశించడం. క్షయం, క్షీణం, అక్షయం దాని పిల్లలు. సంస్కృతంలో ‘క్షయం’ అంటే నాశనమూ అవుతుంది, ఇల్లూ అవుతుంది. భారతంలో యమక్షయానికి పోయాడంటే యముడి ఇంటికి పోయాడని. ఉనికికీ నాశనానికీ ఒకే రూపం ఉన్న భాష నుంచి మనం క్షేమాన్ని తెచ్చుకున్నామన్నది గుర్తుంచుకుంటే చాలు.

వేదకాలంలో క్షేమానికి జంట మాట ‘యోగం’. ఋగ్వేదం ఏడో మండలంలో వరుణుణ్ని వేడుకునే ఒక సూక్తం చివర ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ స్థితిలోనూ ఈ స్థితిలోనూ మాకు మేలు కలగాలని కోరిక. యోగమంటే అప్పటికి ముక్కు మూసుకోవడం కాదు, కాడి కట్టడం. రథాలకు గుర్రాలను పూన్చి కొత్త నేలల కోసం, పశువుల కోసం కదిలిపోవడం యోగం. పూన్చిన గుర్రాలను విప్పి, నిప్పు రాజేసుకుని ఒక చోట దిగడం క్షేమం. పండితులు చాలామంది ఒప్పుకునే అర్థం ఇది. తరవాత వ్యాఖ్యాతలు దీన్ని మెత్తబరిచి, లేనిది సంపాదించుకోవడం యోగమనీ ఉన్నది కాపాడుకోవడం క్షేమమనీ చెప్పారు. జీవిత బీమా సంస్థ చిహ్నం కింద ఉన్న సంస్కృత వాక్యం గీత నుంచి తీసుకున్నది. అందులోని యోగక్షేమానికి మనం చెప్పుకునేది ఈ మెత్తబడ్డ అర్థమే. కానీ మొదటి అర్థంలో క్షేమం పక్కా సైనిక పదం. దండు కదలికకు ఎదురుగా దండు విడిది.

తెలుగు ఇల్లాలు ఈ జంటను ఏ వ్యాఖ్యానమూ చదవకుండా కనిపెట్టింది. గడప దాటేవాడికి మనం చెప్పే మాట ‘క్షేమంగా వెళ్లి లాభంగా రా’. రెండు ముక్కల్లో యోగమూ క్షేమమూ ఇమిడిపోయాయి, కాకపోతే వరుస తిరగబడింది. బేరానికి పోయేవాడికి, కొలువుకు పోయేవాడికి ఇది సరిపోతుంది. మిలట్రీకి పోయేవాడికి సగమే చెబుతారు. లాభం మాట ఎత్తరు. ‘క్షేమంగ రా బిడ్డా’ అంటారు, అంతే.

‘ఉద్యోగం’ కూడా ఆ కాడి నుంచి వచ్చిందే. భారతంలో ఉద్యోగపర్వమంటే యుద్ధ సన్నాహం. తిక్కన తెలుగు చేసిన ఆ పర్వంలో సంజయుడు రాయబారం వస్తాడు. యుద్ధం తప్పదని తెలిసి కూడా ధర్మరాజు అటువైపు వాళ్ల బాగోగులు పేరుపేరునా అడుగుతాడు. పెద్దలను, పరిచారకులను, దిక్కులేనివాళ్లను కూడా వదిలిపెట్టడు. చంపుకోబోయేవాళ్ల కుశలం అడగడం కపటమని ఎవరికైనా అనిపించవచ్చు. నాకట్లా అనిపించదు. ఉద్యోగం మొదలయ్యాక మిగిలే మర్యాద అదొక్కటే. మన వాడుకలో ఉద్యోగం నౌకరీ అయింది. సిపాయి ఒక్కడి విషయంలో పాత అర్థం, కొత్త అర్థం మళ్లీ కలుసుకుంటాయి.

ఇక గాయం. దీనికి మూలం సంస్కృత ‘ఘాతం’. ప్రాకృతంలో ‘ఘాయ’ అయి, తెలుగుకు వచ్చేసరికి గాయమైంది. హిందీ ‘ఘాయల్’ దీనికి చుట్టం. పత్రికల్లో ‘గాయపడ్డాడు’, ‘క్షతగాత్రుడు’ అని రాస్తాం. క్షతమంటే పుండు, గాత్రమంటే ఒళ్లు. క్షతం నుంచి కాపాడేవాడు గనుక క్షత్రియుడన్న వ్యుత్పత్తి రఘువంశంలో కాళిదాసు చెప్పింది. వినడానికి బాగుంటుంది. క్షత్రియుడికే క్షతమైతే కాపాడేదెవరో ఆ వ్యుత్పత్తి చెప్పదు.

ఇంటికి రాసే ఉత్తరంలో క్షతగాత్రుడు ఉండడు. అందులో ఉండేది ‘దెబ్బ’. దెబ్బ మహా సౌకర్యమైన మాట. బడిలో పంతులు కొట్టింది దెబ్బే, వానలు లేక పంట పోయినా దెబ్బే, ఫిరంగి గుండు ముక్క తొడలో దిగినా దెబ్బే. పైగా తెలుగు వాక్యంలో దెబ్బ ఎప్పుడూ తానే వచ్చి తగులుతుంది. ‘నాకు దెబ్బ తగిలింది’. మా దిక్కయితే ‘కాలుకు దెబ్బ తాకింది’. కర్త దెబ్బ. మనిషి పక్కన నిలబడి ఉంటాడు, జ్వరం వచ్చినట్టు, ఆకలి వేసినట్టు. కొట్టినవాడి ఊసు ఉండదు, ఎందుకు కొట్టాడో ఉండదు. ‘చిన్న’ అని ముందు చేరిస్తే చాలు, చదివేవాళ్లకు పొలం గట్టు మీద జారిపడ్డంత ఊరట. ‘కాలుకు చిన్న దెబ్బ తాకింది, ఇక్కడ నేను క్షేమం.’ ఈ వాక్యంలో అబద్ధం ఎక్కడైనా ఉంటే ‘చిన్న’లో ఉంది. క్షేమంలో లేదు.

ఎందుకు లేదో మొదటి ప్రపంచ యుద్ధం చూపిస్తుంది. 1914 శరదృతువులో భారత పటాలాలు ఫ్రాన్సులో దిగాయి. గాయపడ్డ వేలమందిని ఇంగ్లండు దక్షిణ తీరంలోని ఆసుపత్రులకు చేర్చారు. బ్రైటన్‌లో ఒక రాజుగారి విలాస భవనాన్నే ఆసుపత్రి చేశారు. అక్కడి నుంచి ఊళ్లకు రాసిన ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివి, అనువదించి, నివేదికలు పంపేవారు. ఆ పనికి మొదట అధిపతి కెప్టెన్ హోవెల్. రాసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. అందుకే నల్ల మిరియాలు, ఎర్ర మిరియాలు అని సరుకుల భాష కల్పించుకున్నారు. నల్లవి మనవాళ్లు, ఎర్రవి తెల్లదొరలు. నల్ల మిరియాలు అయిపోవచ్చాయంటే ఊళ్లో వాళ్లకు అర్థమయ్యేది. ఇది యుద్ధం కాదు, లోకం అంతమైపోవడమని రాసినవాళ్లున్నారు. మహాభారతంలో విన్నది ఇక్కడ కళ్లారా చూశామన్నవాళ్లూ ఉన్నారు.

ఆ ఉత్తరాల్లో ఒక ఫిర్యాదు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. గాయం మానినవాణ్ని ఇంటికి పంపకుండా తిరిగి కందకాల్లోకే పంపుతున్నారని. ఒకసారి నెత్తురు చిందించినవాడి బాకీ తీరినట్టేనని వాళ్ల లెక్క. సర్కారు లెక్క వేరు. అక్కడ మాటల అర్థాలు తలకిందులవుతాయి. మనకు ‘నయమైంది’ అంటే మంచి వార్త. ఆ మంచం మీద ఉన్నవాడికి నయం కావడమంటే మళ్లీ కాడి కట్టడం, యోగం. పుండు పచ్చిగా ఉన్నన్నాళ్లే పక్క, అన్నం, తల మీద కప్పు. గుర్రం విప్పి దిగిన విడిది. వేదం చెప్పిన క్షేమం అక్షరాలా అదే. కందకంలో ఒంటి మీద గీత కూడా పడకుండా నిలబడ్డవాడు అనామయుడే గానీ క్షేమంగా లేడు. మంచం మీద కాలు వేలాడగట్టుకుని పడుకున్నవాడు అనామయుడు కాడు, క్షేమంగా ఉన్నాడు. ఎడమ మూలన ఆ మాట రాసే హక్కు ఇద్దరిలో రెండోవాడికే ఎక్కువ.

బ్రిటిష్ సైన్యం ఆ రోజుల్లో ఒక అచ్చు కార్డు ఇచ్చేది. రాయడానికేమీ ఉండదు. ‘నేను బాగున్నాను’ అని ఒక వరుస. ‘ఆసుపత్రిలో చేరాను’ అని ఒకటి, దాని పక్కన ‘జబ్బు’, ‘గాయం’. ‘కోలుకుంటున్నాను’ అని ఇంకొకటి. తనకు వర్తించనివి కొట్టేసి సంతకం, తేదీ పెట్టాలి. ఇంకొక్క అక్షరం కలిపితే కార్డు చించేస్తామని దాని మీదే హెచ్చరిక. తెలుగు సిపాయికి ఆ కార్డుతో పెద్ద చిక్కు వచ్చి ఉండేది. ‘బాగున్నాను’ ఉంచితే ‘గాయం’ కొట్టెయ్యాలి, ‘గాయం’ ఉంచితే ‘బాగున్నాను’ కొట్టెయ్యాలి. దెబ్బ తాకింది, క్షేమం అని రెండూ ఒకే వాక్యంలో పెట్టుకునే వీలు మన ఉత్తరానికే ఉంది.

ఇంతవరకూ చెప్పింది ధాతువుల లెక్క. దీనికి గట్టి ఆక్షేపణ ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. నిడమనూరు సిపాయి ‘క్షి’ ధాతువు తెలిసి రాశాడా? లేదు కదా. ఈ తగాదా మన ఆలంకారికులు ‘కుశలం’ మీదే తెంచుకున్నారు. కుశ అంటే దర్భ. దర్భ అంచు కత్తి; తెలియకుండా పట్టుకుంటే వేలు తెగుతుంది. చెయ్యి తెగకుండా దర్భ కోసి తెచ్చేవాడు కుశలుడు, ఆ నేర్పు నుంచి నేర్పరి అనే అర్థమూ వచ్చిందన్నది పాత వ్యుత్పత్తి. మమ్మటుడు కావ్యప్రకాశంలో దీన్ని రూఢి లక్షణకు ఉదాహరణగా చూపాడు. సాహిత్యదర్పణం రాసిన విశ్వనాథుడు ఒప్పుకోలేదు. మాట పుట్టడానికి కారణం ఒకటి, మాట వాడుకలో నడవడానికి కారణం మరొకటి అన్నాడు. పుట్టుకను పట్టుకుని వాడుకను కొలవద్దన్నాడు. నా ఓటు విశ్వనాథుడికే. అయినా చెయ్యి తెగకుండా కోయడమనే ఆ ఊహను మాత్రం వదులుకోబుద్ధి కాదు. ఉత్తరాల్లో ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టే తరం ఒకటుండేది. ఉభయులమూ కుశలం, ఉపరి, అంటే ఆపైన సంగతి. రెండు చేతుల్లో ఏదీ తెగలేదు, ఇక అసలు కథ విను అన్నట్టు.

విశ్వనాథుడి దారిలోనే పోయి వాడుకను చూద్దాం. ఇంట్లో వాళ్లు క్షేమమనే మాట అర్థాన్ని చదవరు, ఆ మాట రాసిన చేతిని చదువుతారు. ‘అక్షరాలు వానియేనా?’ ఇదీ మొదటి ప్రశ్న. కొడుకు దస్తూరీలో ‘క్ష’ కింద ఒత్తు ఎట్లా తిరుగుతుందో తల్లికి తెలుసు. అదే మాట పరాయి చేతిరాతలో వస్తే ఎంత క్షేమమని రాసినా ఏడుపు మొదలవుతుంది: చెయ్యి పోయిందా, కళ్లు పోయాయా, మనిషే లేడా? గుండ్రంగా ఉండాల్సిన సున్న వంకర పోయినా, సిరా బదులు పెన్సిలు కనిపించినా అంతే. గాయపడ్డవాడు ఇది ఎరుగును. అందుకే అంత కష్టంలోనూ ఎడమ చేత్తోనైనా ఆ ఒక్క మాట తనే రాసి, మిగతాది పక్క మంచంవాడితో రాయించుకుంటాడు. అప్పుడు క్షేమం వాక్యం కాదు, వేలిముద్ర.

వేలిముద్ర వేసినవాడు ఎక్కడున్నాడో మాత్రం కాగితం చెప్పదు. ఇంటి నుంచి పోయే ఉత్తరానికి ‘నిడమనూరు, వయా మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా’ అని మూడు గుర్తులు కావాలి. జిల్లా రాయకపోతే బదులు విజయవాడ పక్కనున్న నిడమనూరుకు పోయి కూర్చున్నా ఆశ్చర్యం లేదు. ఫౌజులో ఉన్నవాడికి ఊరే ఉండదు. నంబరు, హోదా, పేరు, పటాలం, కేరాఫ్ 56 ఏపీఓ, లేకుంటే 99 ఏపీఓ, అంటే సైన్యం తపాలా కార్యాలయం. ఆ 56 లడఖ్‌లో మంచు కొండ కావచ్చు, రాజస్థాన్ ఇసుక కావచ్చు. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చాక దేశాన్ని ఎనిమిది మండలాలుగా పంచి, తొమ్మిదో అంకెను సైన్యం తపాలాకు విడిచిపెట్టారు. మనది అయిదుతో మొదలవుతుంది. దేశపటం మీద తొమ్మిది అనే చోటు లేదు. నిలిచే చోటును చెప్పే ధాతువు నుంచి పుట్టిన మాటను, చోటు చెప్పకూడని మనిషి, చోటు లేని అంకె నుంచి రాస్తున్నాడు. ‘ఇక్కడ నేను క్షేమం’లో ‘ఇక్కడ’ అనేది ఎక్కడో తెలియదు గనుకే క్షేమం అంత బరువు మోయవలసి వచ్చింది.

చోటుతో పాటు కాలమూ చిక్కే. ఉత్తరంలోని క్షేమం రాసిన పూటది. చదివేసరికి వారమో పక్షమో గడిచి ఉంటుంది. టెలిగ్రాం అంత పాతబడదు. అందుకే టెలిగ్రాం అంటే గుండెలు జారేవి. 2013 జూలైలో ఆ సేవ మూతబడినప్పుడు పాతతరంలో కొందరు పీడ విరగడైందన్నారు, నాకు తప్పుగా తోచలేదు. హైదరాబాదుకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య కార్గిల్ యుద్ధంలో ఉండగా 1999 జూన్ 19న తండ్రికి రాసిన ఉత్తరం చాలామందికి తెలుసు. మనవాళ్లు చనిపోతున్నారన్న వార్తలకు కలత పడవద్దని అందులో ధైర్యం చెప్పాడు. గర్భవతిగా ఉన్న భార్యకు రోజూ ఒక మహాభారత కథ చెప్పమని కోరాడు. జూన్ 28 రాత్రి ద్రాస్ కొండల మీద తూటాలు తగిలి కదలలేని స్థితిలో తన మనుషులను ముందుకు పొమ్మని, తాను పడి ఉన్న చోటు నుంచి కాల్పులు సాగిస్తూ చనిపోయాడు. మహావీరచక్ర ఇచ్చారు. ఉత్తరానికీ మరణానికీ నడుమ తొమ్మిది రోజులు. ఆ ఉత్తరం మొత్తం క్షేమమనే మాట లేకుండా రాసిన క్షేమం. తన క్షేమం గురించి తక్కువ, ఇంటి క్షేమం గురించి ఎక్కువ.

మా పక్క సూర్యాపేటకు అట్లాంటి మరణం బరువు 2020లో తెలిసింది. జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో జరిగిన ఘర్షణలో చనిపోయిన 20 మంది భారత సైనికుల్లో 16 బిహార్ పటాలం అధిపతి కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు ఉన్నారు. ఆయనకూ మరణానంతరం మహావీరచక్ర వచ్చింది. ఆ కాలానికి ఉత్తరాలు పోయి ఫోన్లు వచ్చాయి. ఫోనులో ‘క్షేమం’ ఉండదు, ‘అమ్మా, నేను మంచిగనే ఉన్న’ ఉంటుంది. గొంతు దస్తూరీ కంటే నమ్మకమైన ఆనవాలు, కాదనను. ట్రంకు పెట్టెలో దాచుకోవడానికి మాత్రం రాదు.

ఉత్తరం ముగింపు మాటలకు పట్టిన గతి కూడా చెప్పాలి. ‘ఇంతే సంగతులు, చిత్తగించవలెను’ అని ముగించేవారు. ఇప్పుడు ‘ఇంతే సంగతులు’ అంటే అయిపోయింది, చేయిదాటిపోయింది అని. బండి బ్రేకు ఫెయిలైతే ఇంతే సంగతులు. మర్యాదగా కాగితం మడిచే మాట చావు కబురయింది. ‘సెలవు’ అని సంతకం చేసేవాళ్లూ ఉండేవారు. పోయివస్తానన్నదీ సెలవే, కొలువులో అడుక్కునేదీ సెలవే. మిలట్రీ మనిషి ఉత్తరం చివర ‘సెలవు’ అని రాస్తే ఇంట్లోవాళ్లు దాన్ని రెండో అర్థంలో చదివి ‘సుట్టి దొరికిందా?’ అని ఆశపడేవారు. మొదటి మాట క్షేమం ఒక్కటే ఏ ఎగతాళికీ దొరకకుండా నిలబడింది. దానికి ‘సం’ చేర్చి సర్కారు కూడా తీసుకుంది. హాస్టళ్లు సంక్షేమం, పింఛన్లు సంక్షేమం. మాజీ సైనికుడు, అతను పోతే భార్య, కాగితాలు పట్టుకుని పోవలసిన చోటు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. సిపాయి ఇంటికి ఇచ్చిన మాటను ఉపసర్గ తగిలించి తిరిగి అతనికే ఇస్తున్నారన్నమాట. అర్జీకి ఎంత త్వరగా జవాబొస్తుందన్నదాన్ని బట్టి ఆ ఉపసర్గ విలువ.

చివరగా ఒక సంగతి. బ్రైటన్ ఆసుపత్రుల నుంచి పంజాబీ, గఢ్వాలీ, పఠాన్ సిపాయిలు రాసిన మాటలు వందేళ్ల తరవాత కూడా మనం చదవగలుగుతున్నామంటే సెన్సారువాడు నకలు తీశాడు గనుక. ఆ నివేదికలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. తెలుగువాళ్లు కూడా ఉన్న మద్రాస్ సాపర్స్ ఆ యుద్ధంలో ఎక్కువగా మెసొపొటేమియా దిక్కుకు పోయారు. మన సిపాయిల కోసం అంత పెద్ద నకళ్ల మూట ఎవరూ కట్టలేదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి మిలిటరీ మాధవరమనే పేరే వచ్చింది, ఇంటింటా సైనికులున్నందుకు. అక్కడి పెట్టెల్లోనూ, నల్లగొండ, సూర్యాపేట, కోదాడ ఇళ్ల అటకల మీదా 1962, 1965, 1971 నాటి ఉత్తరాలు ఇంకా ఉండవచ్చు. ఉంటే పాత పేపర్లవాడికి వెయ్యకండి. కవరు పారేసి కాగితం మాత్రం దాచకండి. ముద్ర మీది తేదీ, ఏపీఓ నంబరు కవరు మీదే ఉంటాయి. ఎవరు ఎవరికి రాశారో, చదివి చెప్పగల పెద్దలు ఉండగానే వెనక పెన్సిలుతో రాయించండి. ఫోనుతో ఫొటోలు తీసి ఇంట్లో ఇద్దరి దగ్గర ఉంచండి. దాచలేమనుకుంటే హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, వెళ్లి అడగండి.